జూ ఆటలో ఏ జంతువులు ఉండాలి? ముందు వాటి పేచీ రాసుకోండి

పోయిన వేసవి సెలవుల్లో మేం తయారు చేసిన జూ ఆట మొదటి రోజే చెడిపోయింది. ఫోన్‌లో ఆడే ఆట కాదు, అట్టలతో చేసింది. నేను నెల్లూరులో డీటీపీ పని చేస్తాను. పేరు తప్పుపడి పక్కన పడేసిన పెళ్లిపత్రికలు మా ఇంట్లో ఎప్పుడూ ఒక కట్ట ఉంటాయి. రోహిణి కార్తె ఎండకి మా అక్క పిల్లలిద్దరూ బయటికి పోలేక, ఇంట్లో ఒక్క ఫోన్ కోసం కొట్టుకుంటుంటే, ఆ పత్రికలు కత్తిరించి, వెనక తెల్లగా ఉన్న వైపు జంతువుల బొమ్మలు వేసి, ఎవరి జూ వాళ్లు కట్టుకునే ఆట మొదలుపెట్టాం. డబ్బుకు బదులు చింతగింజలు. పాచికలకు గవ్వలు.

జంతువుల లిస్టు రాసింది చిన్నోడు. పులి, తెల్లపులి, నల్లచిరుత, సింహం, ఏనుగు, ఖడ్గమృగం, మొసలి, అనకొండ, షార్క్. దాంట్లో ఒక్క జింక లేదు, ఒక్క పిట్ట లేదు. మూడో రౌండుకల్లా నలుగురి దగ్గరా ఏదో ఒక పులి ఉంది. నలుగురం చేసేది ఒకటే పని: మాంసానికి గింజలు పెట్టడం, టికెట్ల గింజలు ఏరుకోవడం. "ఏంది మామా, అందరిదీ ఒకటే జూ" అని పెద్దది లేచి కూలర్ ముందుకు పోయి కూర్చుంది. దాని మాటతో ఆట ముగిసింది.

ఆ తర్వాత నాలుగు వారాలు పట్టింది లిస్టు కుదరడానికి. మీ ఇంట్లో ఇలాంటిది చేయాలనుకుంటే ఆ నాలుగు వారాలు మీకు మిగులుతాయని ఇది రాస్తున్నాను. కంప్యూటర్‌లో గేమ్ చేసేవాళ్లకైనా జంతువులను ఏరుకునే లెక్క ఇదే, అట్టకు బదులు తెర ఉంటుంది, అంతే.

ముందు ఊరు తేల్చుకోండి

జంతువుల పేర్లు రాయకముందే మూడు సంగతులు అనుకోండి. ఎంతమంది ఆడతారు, ఎంతసేపు ఆడతారు, ఆ జూ ఏ ఊళ్లో ఉంది. మొదటి రెండూ సులువు. మాది నలుగురి ఆట, గంటలో అయిపోవాలి. ఒక్కొక్కరు గంటలో ఐదారు ఎన్‌క్లోజర్లకు మించి కట్టలేరు. అంటే 24 రకాల జంతువులు చాలు. పెద్ద జంతువులు ఒక్కొక్కటి, చిన్నవి రెండేసి కార్డులు. అరవై రకాలు పెడితే పిల్లలు కార్డులు చదవడంలోనే అలిసిపోతారు.

నేను చదువుకునే రోజుల్లో మద్రాసు బస్టాండు దగ్గర నెట్ సెంటర్లో గంటకింత అని కట్టి జూ టైకూన్ ఆడేవాణ్ని. 2001లో వచ్చిన గేమ్ అది. మొదటి డబ్బాలో డైనోసార్లు పెట్టకుండా, మరుసటి ఏడాది వేరే డబ్బాగా అమ్మారు. అప్పుడు తిట్టుకున్నాం గానీ, ఇప్పుడు చూస్తే వాళ్లు చేసింది తెలివైన పనే. కొన్ని జంతువులను రెండో విడతకు దాచిపెట్టుకోవచ్చు. మా షార్క్ ఇంకా ఆ విడతలోనే ఉంది.

మూడోది, ఊరు. ఇదే అసలైంది. మా ఊరికి జూ లేదు, మా ఇంట్లో జూ అంటే తిరుపతి, లేదంటే మద్రాసు అవతల వండలూరు. అందుకే ఆటలో జూని పెన్నా ఒడ్డున పెట్టుకున్నాం. అలా పెట్టుకోగానే సగం నిర్ణయాలు వాటంతట అవే జరిగాయి. మేనెల ఎండ ఒక కార్డు, నవంబరు తుపాను ఒక కార్డు, కరెంటు కోత ఒక కార్డు. ఇక ప్రతి జంతువునూ "నువ్వు నెల్లూరు ఎండకు తట్టుకుంటావా?" అని అడగొచ్చు. మీది మార్కాపురమైతే నీళ్ల కరువు కార్డు పెట్టుకోండి, నీటిలో ఉండే జంతువుల విలువ ఒక్కసారిగా మారిపోతుంది.

పేచీ పరీక్ష

ఒక నోటుబుక్కు తీసుకుని జంతువు పేరు రాసి, పక్కన నాలుగు గళ్లు గీయండి. మేత, జాగా, జనం, పేచీ. మేత అంటే నెలకు ఎన్ని గింజలు. జాగా అంటే జూ కట్టుకునే అట్టపలక మీద ఎన్ని గళ్లు ఆక్రమిస్తుంది. జనం అంటే దాన్ని చూడటానికి ఎంతమంది వస్తారు. ఈ మూడూ అంకెలే, రేపు మార్చుకోవచ్చు. నాలుగో గడి మాత్రం మాట. ఆ జంతువు వచ్చాక ఆడేవాడికి కొత్తగా ఏం తలనొప్పి వస్తుంది? ఆ గడి ఖాళీగా మిగిలితే జంతువు ఎంత గొప్పదైనా కొట్టేయండి. రెండు జంతువుల పేచీ ఒకటే అయితే ఒకదాన్నే ఉంచండి.

మా నోటుబుక్కులో ఒక పేజీ ఇలా ఉంది. పెద్దపులి: మేత 5, జాగా 4, జనం 6, పేచీ "ఒంటరిది, పక్కన జింకలుంటే జింకలు బెదురుతాయి". తెల్లపులి: 5, 4, 6, పేచీ దగ్గర చిన్నోడు చాలాసేపు ఆలోచించి "తెల్లగా ఉంటుంది" అని రాశాడు. రంగు పేచీ ఎట్లా అవుతుంది? తెల్లపులి వేరే జాతి కూడా కాదు, పెద్దపులికే జన్యువుల వల్ల వచ్చిన రంగు. కొట్టేశాం. నల్లచిరుత కూడా అంతే, రంగు తేడా ఉన్న చిరుత. అనకొండ బదులు కొండచిలువ వచ్చింది. ఖడ్గమృగం ఏనుగుకు తమ్ముడిలా తేలింది, కొత్త పేచీ ఏం దొరకలేదు. చిన్నోడి తొమ్మిదిలో నాలుగు ఇలా పోయాయి. వాడు ఆ సాయంత్రం నాతో మాట్లాడలేదు.

చిరుత మాత్రం దర్జాగా నిలబడింది. పులికి చుట్టూ కందకం తవ్వి, పైన తెరిచి ఉంచినా సరిపోతుంది. చిరుత చెట్టెక్కుతుంది, గోడెక్కుతుంది. పైన కూడా జాలీ వేయాలి. అందుకని దాని కార్డు మీద "కప్పుకు అదనంగా 4 గింజలు" అని రాశాం. పైగా ఊళ్లలోకి వచ్చి పట్టుబడ్డ చిరుతలను అటవీశాఖ వాళ్లు జూలకు తెచ్చి అప్పజెప్పడం మామూలే. అదే ఆటలో పెట్టాం: చిరుతను మీరు అడగరు, అదే వస్తుంది. జాగా చూసుకోవడం మీ ఖర్మ.

పెద్దవి నాలుగు చాలు

జనాన్ని లాక్కొచ్చే జంతువులు లేకుండా జూ ఉండదు. కానీ నాలుగు దాటనివ్వొద్దు. మావి పెద్దపులి, సింహం, ఏనుగు, జిరాఫీ. పులి మా దగ్గర తప్పదు, నల్లమల పక్కనే ఉందాయె. దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లిన ప్రతివాడికీ రాత్రిపూట అడవి గేటు వేసేస్తారని తెలుసు. మాంసం తినే జంతువులకు జూల్లో వారానికో రోజు పస్తు పెడతారు. ఇది పిల్లలకు తెగ నచ్చింది. కార్డు మీద "శుక్రవారం ఒక్కపొద్దు" అని పెద్దది రాసింది.

సింహంతో ఒక ఇబ్బంది ఉంది. పేరు పెద్దది, పని నిద్రపోవడం. రోజులో 20 గంటల దాకా పడుకునే జంతువును చూడటానికి జనం ఎంతసేపు నిలబడతారు? అందుకే సింహం కార్డుకి గవ్వలు వేయాలి. వెల్లకిలా ఎక్కువ పడితే లేచి గర్జిస్తుంది, పూర్తి జనం. లేకపోతే సగమే.

ఏనుగు దగ్గర మేం చేసిన తప్పు చెప్తాను. మా ఆటలో ఒక రౌండు అంటే ఒక నెల, మొత్తం 20 రౌండ్లు. గున్న పుడితే జనం రెట్టింపు అని రాసి పెట్టాం. చిన్నోడు మొదటి రౌండులోనే ఏనుగుల జంటను తెచ్చుకుని, ప్రతి రౌండూ 'ఇంకెన్నాళ్లు?' అని అడుగుతూ కూర్చున్నాడు. ఏనుగు కడుపు దాదాపు 22 నెలలు. ఆట అయిపోయింది, గున్న రాలేదు, రోజుకు 150 కిలోల దాకా మేసే జంతువు మేతకే వాడి గింజలన్నీ హరించుకుపోయాయి. తప్పు వాడిది కాదు, నాది. పిల్లలు పుట్టే కాలం రాసేటప్పుడు ఆట పొడవుతో పోల్చి చూసుకోండి.

ఏనుగు గురించి ఇంకో మాట. 2009లో, దేశంలో జూల మీద అజమాయిషీ చేసే కేంద్ర జూ అథారిటీ, జూల్లో ఉన్న ఏనుగులను అటవీశాఖ క్యాంపులకు పంపమని చెప్పింది. అంత పెద్ద జంతువుకి జూలో ఉండే జాగా, నడక చాలవని. కాబట్టి ఇప్పుడు మా ఏనుగు కార్డు వెనక "క్యాంపు" అని ఉంటుంది. పదో రౌండు తర్వాత దాన్ని క్యాంపుకు పంపితే ఒకేసారి మంచి పేరు వస్తుంది, అట్టిపెట్టుకుంటే గింజలు వస్తాయి. ఏది కావాలో మీరే తేల్చుకోవాలి. ఆటలో అందరూ ఎక్కువసేపు ఆలోచించేది ఈ కార్డు దగ్గరే.

జిరాఫీ పొడుగ్గా ఉంటుంది కాబట్టి మేత పైన వేలాడదీయాలి. దానికి ఒక గింజ ఎక్కువ. అంతకు మించి దానితో పేచీ లేదు, పిల్లలు అడిగారని ఉంచాను.

మందలు: ఆట నడిచేది వీటి మీదే

పెద్ద జంతువుల పేర్లు అందరికీ తెలుసు. ఆటను నడిపేవి మాత్రం జింకలు. చుక్కల దుప్పిని తీసుకోండి. మేత ఒక గింజ, జాగా రెండు గళ్లు, జనం ఒక మోస్తరు. చూడటానికి చాలా మంచి బేరం. పేచీ ఎక్కడంటే, అవి ఆగవు. ఎనిమిది నెలలకల్లా పిల్ల, మళ్లీ ఎనిమిది నెలలకు పిల్ల. జూలకు ఇది నిజంగా ఉన్న సమస్యే. ఎక్కువైన దుప్పులను ఏం చేయాలా అని తలపట్టుకుని, మగవాటినీ ఆడవాటినీ విడదీసి పెడుతుంటారు. మా ఆటలో దుప్పుల గడి నిండితే పక్క గడి తెరవాలి, లేదా ఇంకొకరితో మార్పిడి చేసుకోవాలి.

మార్పిడి అనే మాట ఎందుకొచ్చిందంటే, మొదట్లో మేం జంతువులను కొనేవాళ్లం. తర్వాత తెలిసింది, మన దేశంలో జూలు అడవి జంతువులను అంగట్లో కొన్నట్టు కొనవు. 1972 వన్యప్రాణి చట్టం కింద వ్యాపారం కుదరదు. 1992లో వచ్చిన కేంద్ర జూ అథారిటీ అనుమతితో ఒక జూ ఇంకో జూతో జంతువులను మార్చుకుంటుంది. ఈ ఒక్క సంగతి ఆటను ఎక్కడికో తీసుకుపోయింది. "నాలుగు దుప్పులు తీసుకుని ఒక ముళ్లపంది ఇస్తావా?" "ముళ్లపంది ఇవ్వను, కావాలంటే నక్కనిస్తా." ఇల్లంతా చింతపండు బేరంలాగా ఒకటే గోల. మీరు ఏ లిస్టు రాసుకున్నా, మార్చుకోవడానికి పనికొచ్చే జంతువులు కనీసం నాలుగు ఉండేట్టు చూసుకోండి.

మిగతా మూడు మందలు మనుబోతు (నీల్‌గాయి), కృష్ణజింక, కణితి (సాంబర్). మనుబోలు ఊరి పక్కన ఉంటూ మనుబోతును పెట్టకపోతే బాగుండదు కదా అని పెట్టాం గానీ, దాని అలవాటు చదివాక ముచ్చటేసింది. మనుబోతులు ఒకే చోట పేడ వేసుకుంటాయి. కీపరుకు ఊడ్చే పని తక్కువ. కాబట్టి అది పేచీ లేని జంతువు కాదు, పేచీ తగ్గించే జంతువు. అలాంటిది ఒకటి లిస్టులో ఉండాలి. కృష్ణజింక మన రాష్ట్ర జంతువు. బెదురు ఎక్కువ. పటాసుల చప్పుడుకి, తరిమితే, గుండె ఆగినంత పని అవుతుంది. దీపావళి కార్డు వచ్చినప్పుడు దాని చుట్టూ చెట్ల గడి లేకపోతే ఒక జింకను తీసేయాలి. కణితికి బురద మడుగు కావాలి, అంతే.

జంటలు కూడా ఒకటి రెండు చూసుకోండి. అడవిలో కొండముచ్చు చెట్టు మీద నుంచి ఆకులు, కాయలు తెంపి పడేస్తుంటే కింద దుప్పులు ఏరుకు తింటాయి. పులి కనబడితే పైనున్నది ముందు చూసి అరుస్తుంది, కిందవి పరుగు తీస్తాయి. పలక మీద కొండముచ్చు గడి పక్కన దుప్పి గడి పెడితే రెండింటికీ ఒక జనం ఎక్కువ. ఇలాంటివి నాలుగైదు పెడదామని మొదలుపెట్టి, కల్పించి రాయాల్సి వస్తోందని ఆపేశాను.

మన చుట్టుపక్కలవి

ఇక్కడ కాసేపు ఆగండి. బయటి గేముల్లో జంతువులన్నీ ఆఫ్రికావే ఎక్కువ. మీ ఆట మీది కావాలంటే కనీసం మూడోవంతు జంతువులు మీ ఇంట్లో పెద్దవాళ్లు కళ్లారా చూసినవి అయి ఉండాలి. మా అమ్మను అడిగితే చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో రాత్రిపూట నక్కల కూతలు వినబడేవని చెప్పింది. నక్క కార్డు అట్లా వచ్చింది. దాని పేచీ కూడా అమ్మే చెప్పింది: "ఒకటి కూస్తే అన్నీ కూస్తాయి." పక్క గడిలో పడుకునే జంతువు ఏదున్నా లేస్తుంది. సింహం పక్కన నక్కను పెడితే లాభమని పిల్లలు రెండో ఆటకే కనిపెట్టేశారు.

రాజహంసల (ఫ్లెమింగోల) కార్డు మా ఆటలో అన్నిటికన్నా అందంగా ఉంటుంది, పెద్దది గులాబీ రంగు జెల్ పెన్నుతో వేసింది. పులికాట్ సరస్సుకి చలికాలంలో వచ్చే ఈ పక్షుల కోసం సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండుగ చేస్తారని మీకు తెలిసే ఉంటుంది. 2022లో జిల్లాలు మారి సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, మా నోట్లో అవి ఇంకా నెల్లూరు పక్షులే. ఈ పక్షికి మూడు పేచీలు దొరికాయి, మూడూ నిజమైనవే. ఒకటి, గులాబీ రంగు పుట్టుకతో రాదు. పిల్లలు బూడిదరంగులో ఉంటాయి. తినే నాచులోనూ రొయ్యల్లాంటి సన్నపురుగుల్లోనూ ఉండే రంగు ఒంటికి పడుతుంది. మేత తగ్గిస్తే రంగు పోతుంది, రంగు పోతే జనం పోతారు. రెండు, నాలుగైదు పక్షులుంటే గుడ్లు పెట్టవు, పెద్ద గుంపు ఉండాలి. కొన్ని జూల్లో గుంపు పెద్దదిగా కనబడాలని అద్దాలు పెడతారు. మేం కూడా "అద్దం" అని ఒక కార్డు చేశాం, అది నిజంగా అగ్గిపెట్టెకు అంటించిన చిన్న అద్దం ముక్క. పిల్లలు ఆ ముక్క కోసమే రాజహంసలు కట్టేవాళ్లు. మూడు, పెట్టేది ఒకే గుడ్డు, మట్టి దిబ్బ మీద. తుపాను కార్డు వస్తే దిబ్బ పోయినట్టే.

గూడబాతు (పెలికాన్) పులికాట్ దగ్గరి నేలపట్టుది. నీళ్లలో నిలబడ్డ చెట్ల మీద గూళ్లు, కింద రెట్టలతో నిండిన చెరువు. ఆ నీళ్లు పొలాలకు ఎరువుగా పనికొస్తాయని అక్కడి రైతులు అంటారు. కాబట్టి గూడబాతు గడి పక్కన ఏ మేత తోట ఉన్నా దానికి ఒక గింజ మిగులు. కానీ చేపలు కావాలి. చేపల ధర ప్రతి రౌండూ గవ్వలతో తేలుతుంది. రొయ్యల చెరువుల జిల్లాలో ధరలు ఎట్లా ఊగుతాయో ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి ఆ రూలు ఎవరికీ వివరించాల్సిన పని పడలేదు. నీటికుక్కకు కూడా అదే చేపల ధర, పైగా ఒంటరిగా ఉండదు, గుంపుగా తేవాలి.

నక్షత్ర తాబేలు చూడటానికి మేత లేదు, జాగా లేదు, జనం లేరు. పేచీ పరీక్షలో పోతుందనుకున్నా. కానీ దాన్ని దొంగతనంగా అమ్మేవాళ్లు ఎక్కువ. 2019లో అంతర్జాతీయ వ్యాపారం నుంచి దాన్ని పూర్తిగా కట్టడి చేశారు. పట్టుబడ్డ తాబేళ్లు ఎక్కడికో ఒకచోటికి చేరాలి కదా. ఆటలో పోలీసు కార్డు పడితే ఒక సంచిలో ఎనిమిది తాబేళ్లు మీ గేటు దగ్గర దిగుతాయి. కాదనే వీల్లేదు.

ఎలుగుబంటికి పైవరస ముందరి పళ్లు రెండు ఉండవు. ఆ సందులోంచి చెదపురుగులను జుర్రుకుంటుంది. అందుకే దాని గడిలో పుట్ట ఉండాలి, పుట్టకు వాన కావాలి. మొసలి కార్డు బద్ధకస్తుల కోసం, చలికాలపు రౌండ్లలో దానికి మేత పెట్టకపోయినా పరవాలేదు. కొండచిలువ కూడా వారాల తరబడి తినకుండా ఉంటుంది. కానీ ఆడది గుడ్లు చుట్టుకుని రెండు నెలలు కదలకుండా కూర్చుంటుంది, ఆ రెండు రౌండ్లూ దాని గడికి జనం రారు. నెమలికి గడే అక్కర్లేదు, జూ అంతా తిరుగుతుంది, వాన కార్డు వస్తే అందరికీ జనం పెంచుతుంది. ముళ్లపంది కంచె కింద తవ్వుతుంది.

ఏవి పెట్టకూడదు

కలివికోడి గురించి ఇంట్లో పెద్ద చర్చే జరిగింది. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన జెర్డాన్ అనే ఆయన పేరు మీద ఇంగ్లీషులో దాన్ని పిలుస్తారు. 1848లో పుస్తకాలకెక్కిన పక్షి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కనబడకుండా పోయి, ఇక లేదనుకుంటే 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. ఇంత కథ ఉన్న పక్షిని జూలో పెట్టాలని పెద్దది పట్టుబట్టింది. కానీ అది రాత్రి తిరిగే పక్షి, మనుషుల కంట పడటమే గగనం. బోనులో పెడితే కార్డు అబద్ధమవుతుంది. చివరికి ఎట్లా తేలిందంటే, కలివికోడి కార్డు ఉంది, కానీ దానికి ఎన్‌క్లోజర్ లేదు. మీ జూ పలక మీద నాలుగు గళ్లు చిట్టడవిగా ఏమీ కట్టకుండా చివరిదాకా వదిలేస్తే ఆ కార్డు మీది. ఒక్క మనిషి దాన్ని చూడడు, ఒక్క గింజ రాదు, ఆఖరి లెక్కలో మాత్రం పది పాయింట్లు. గళ్ల కోసం ప్రాణం పోతున్నప్పుడు నాలుగు గళ్లు ఖాళీగా వదలడం ఎంత కష్టమో ఆడి చూడండి.

సముద్ర తాబేళ్లదీ అదే దారి. ఆలివ్ రిడ్లీలు మన తీరంలో గుడ్లు పెట్టి పోతాయి, ఒక్కో గూటిలో వంద దాకా. వాటిని జూలో ఉంచడం కాదు, ఇసుకలో కాపాడి సముద్రంలో వదలడమే పని. కాబట్టి అది ఒక్క రౌండు పాటే ఉండే కార్డు.

ఒంగోలు గిత్త దగ్గర గొడవైంది. మా బావది చీరాల వైపు. సెలవుల చివర పిల్లలను తీసుకెళ్లడానికి వచ్చి ఒక ఆట ఆడి, "గిత్త లేని జూ ఏం జూ?" అన్నాడు. బ్రెజిల్‌లో మాంసం పశువుల్లో ఎక్కువ భాగం మన గిత్త సంతతే, అక్కడ వాటిని నెలోర్ అంటారు. "చూశారా, పశువు ఒంగోలుది, పేరు నెల్లూరుది" అని ఆయన పాత బాధ మళ్లీ తవ్వాడు. నిజమే గానీ, దారిలో కనబడే ఎద్దును టికెట్ కొని ఎవరు చూస్తారు? మూపురం చూపించి, కొమ్ములు చూపించి గంటసేపు వాదించాడు. చివరికి గిత్తను జంతువుల కట్టలో కాకుండా పనివాళ్ల కట్టలో వేశాం. గిత్తబండి ఉన్నవాళ్లకు మేత మోసే ఖర్చు సగం. ఆయన సగమే ఒప్పుకున్నాడు.

పరాయి ఎండ, పరాయి చలి

దూరదేశపు జంతువులు నాలుగు పెట్టాం: చారలకోసం జీబ్రా, నీళ్లు మార్చలేక చచ్చేందుకు నీటిగుర్రం, పెంగ్విన్, ఈము. పెంగ్విన్ అంటే మంచు అనుకోవద్దు. ముంబై బైకుల్లా జూకి 2016లో వచ్చిన హంబోల్ట్ పెంగ్విన్లు దక్షిణ అమెరికా తీరానివి, మంచు దేశానివి కావు. అయినా మన ఎండకు ఏసీ తప్పదు. కాబట్టి పెంగ్విన్ తిండి చేపల మీద, ప్రాణం కరెంటు మీద. కరెంటు కోత కార్డు పడితే జనరేటర్ ఉందా అని అందరూ మీ వైపే చూస్తారు. ఇంత టెన్షన్ పెట్టే జంతువు ఇంకోటి లేదు, మా ఆటలో జనం ఎక్కువ వచ్చేదీ దీనికే.

ఈము కార్డు తీసేయాలనుకుని కూడా ఉంచాను. పదిహేనేళ్ల కిందట ఈము ఫారాలు పెట్టమని ఊరూరా చెప్పి, చాలామంది రైతుల డబ్బు గాలికిపోయింది. మా పెదనాన్న కూడా ఒకాయన మాట నమ్మి జతలు కొన్నాడు. ఆటలో ఈము తెచ్చుకునేటప్పుడు ఖరీదు ఎనిమిది గింజలు, ప్రతి రౌండూ ఒక గింజ పడిపోతుంది. మార్పిడికి ఎవరూ ఒప్పుకోరు. ఈ కార్డు తగిలితే పెదనాన్న ఆట మధ్యలోంచి లేచి చుట్ట వెలిగించుకోవడానికి పోతాడు.

అంకెలు వేయడం, కొట్టేయడం

లిస్టు అయ్యాక ఒకసారి జూకి పోయిరండి, నోటుబుక్కు తీసుకుని. జూ ఏ రోజు మూసి ఉంటుందో చూసుకుని బయల్దేరండి, వండలూరుకు మంగళవారం సెలవు, హైదరాబాదుకు సోమవారం. ఎన్‌క్లోజర్ ముందు బోర్డు మీద తిండి, గర్భకాలం, ఆయుష్షు రాసి ఉంటాయి, ఫొటో తీసుకుంటే చాలు. ఆ బోర్డుల మీద లేనిది జనం. అది మీరు నిలబడి చూడాలి. మేం నిలబడినప్పుడు సింహం దగ్గరికి వచ్చినవాళ్లు "పడుకుందిరా" అని ఇలా చూసి అలా పోయారు. నీటికుక్కలు చేప కోసం ఎగబడుతుంటే అక్కడి నుంచి ఒక్కరూ కదలలేదు. ఆ రాత్రి నీటికుక్క జనం అంకె 2 నుంచి 4కి మారింది.

ఆ తర్వాత ఆడటమే. పక్కన ఒక కాగితం పెట్టి, ఎవరు ఏ జంతువును మొదట తెచ్చుకున్నారో గీతలు పెట్టండి. మూడు ఆటల్లో ఎవరూ ముట్టని కార్డుకు మేత తగ్గించండి, అప్పటికీ ముట్టకపోతే తీసేయండి. ప్రతిసారీ మొదట పోయే కార్డుకు జాగా పెంచండి, జనాన్ని తగ్గించొద్దు. జనం తగ్గిస్తే పిల్లలు ఒప్పుకోరు, "పులికి మూడేనా?" అని అడుగుతారు, వాళ్ల మాటే న్యాయం. రెండు అంకెలు ఒకేసారి మార్చొద్దు, ఏది పనిచేసిందో తెలియకుండా పోతుంది.

పత్రికల అట్ట మందంగా ఉంటుంది గానీ బంగారు రంగు అద్దిన వైపు జారుతుంది, కలపడం కష్టం. ఆ వైపు పాత నోటుబుక్కు కాగితం మైదా గంజితో అంటించి ఒక రోజు బరువు కింద పెట్టండి. జంతువు కార్డులు 24 రకాలే అయినా నాలుగు అట్టలు ఖాళీగా ఉంచుకోండి, ఆడేవాళ్లు రాసుకోవడానికి. మా ఖాళీ అట్టల్లో ఒకటి అప్పుడే నిండింది. చిన్నోడు ఊరకుక్కను గీసి కింద ఇలా రాశాడు: మేత 0, జాగా 0, జనం 0, గేటు మూయడం మర్చిపోయిన వాళ్ల జూలోకి వచ్చి చివరిదాకా పోదు.